వరహాలమ్మ ముగించని పక్షం

సాయంత్రం కాస్త ఎండ వాలిందంటే చాలు, పైడిరాజు గుడ్డసంచి మడిచి చంకలో పెట్టుకుని హనుమంతవాక జంక్షన్‌కి బయలుదేరేవాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, కాళ్ళకి బూట్లు కూడానూ. పోర్టులో జీవితమంతా క్రేను నడిపిన మనిషి. నడకలో ఆ నిదానం ఇప్పటికీ పోలేదు. బొబ్బిలి వైపు నుంచి వచ్చే బస్సులు ఆగేచోట, కొబ్బరిబొండాల బండి పక్కన నిలబడి, దిగినవాళ్ళందరి మొహాలూ చూసేవాడు. ఒక బస్సు వెళ్ళిపోతే ఇంకో బస్సు. విసుగన్నది లేదు. పెళ్ళిచూపులకి వెళ్ళే కుర్రాడికి కూడా అంత ముస్తాబూ, అంత ఓపికా ఉండవు.

కూతురు హైమ ఆఫీసు నుంచి వస్తూ అక్కడే స్కూటీ ఆపేది.

“ఇంటికెళ్దాం పద నాన్నా.”

“ఉండవే. మీ అమ్మ ఈ బస్సుకి వచ్చీస్తాది. మీ పిన్ని దాన్ని ఊరికే పంపిస్తాదేటి? చింతపండనీ బెల్లమనీ అంటగట్టీసి ఉంటాది. అంత బరువు మోయలేదు కదా మరి,” అని చంకలో సంచి తీసి చూపించేవాడు.

వరహాలమ్మ ఆ బస్సులో లేదు. ఏ బస్సులోనూ లేదు. ఆమె పోయి నెల దాటింది. కొడుకులు లేరు కనక కొరివి పెట్టింది పైడిరాజే. కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరిగాడు. పడి పడి ఏడ్చాడు. నలుగురు పట్టుకుంటే తప్ప నిలబడలేకపోయాడు. మర్నాడు లేచి పళ్ళు తోముకుంటూ, “హైమా, మీ అమ్మ బొబ్బిలి నుంచి ఫోన్ చేసిందేటే?” అని అడిగాడు.

హైమ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి, ఆయన్ని కూర్చోబెట్టి, మొదటినుంచీ చెప్పింది. ఆయన మళ్ళీ మొదటినుంచీ ఏడ్చాడు. దినకర్మ అయ్యేదాకా రోజూ ఇదే తంతు. ఊళ్ళో అందరికీ అమ్మ ఒక్కసారి చచ్చిపోతుంది, హైమకి మాత్రం రోజూ పొద్దున్నే చచ్చిపోయింది. చెప్పేవాళ్ళు ఏడిస్తే వినేవాళ్ళని ఎవరు పట్టుకుంటారు? ఆ పిల్లకి తన ఏడుపు ఏడవడానికి వీలే చిక్కలేదు.

పైడిరాజుకి కొన్నేళ్ళ కిందట మెదడు జ్వరం వచ్చింది. ప్రాణం నిలిచింది గానీ జ్ఞాపకం అక్కడితో ఆగిపోయింది. అంతకుముందు సంగతులన్నీ భద్రంగా ఉన్నాయి. పెళ్ళిలో బావమరిది దేనికి అలిగాడో, పోర్టుకి వచ్చిన ఓడల పేర్లేమిటో ఇప్పుడడిగినా చెబుతాడు. కొత్తది మాత్రం ఏదీ నిలవదు. పగలు తెలిసినది రాత్రి నిద్రతో తుడిచిపెట్టుకుపోతుంది. తెల్లారితే ఆయన తన ఇంట్లో తానే చుట్టం.

హైమ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఋషికొండ మీద డాక్టర్ సుదర్శనం నడిపే చిన్న ల్యాబులో ఉద్యోగానికి చేరింది తండ్రి కోసమే. అక్కడ తయారుచేసిన పరికరం పేరు ఆనవాలు. చెవి వెనక అంటించుకునే బిళ్ళ, చింతగింజంత ఉంటుంది. మనిషి మేలుకునే వేళకి అది ఇంట్లోవాళ్ళ గొంతుతో నాలుగు సంగతులు చెబుతుంది. చెబుతూ చెబుతూ, మెదడులో ‘ఇది నాకు తెలిసిందే’ అనిపించే చోటుని మెల్లగా మీటుతుంది. దాంతో విన్నది విన్నట్టుండదు, తనకి జరిగినట్టే ఉంటుంది. ఆ రోజంతా నిలుస్తుంది.

మరి రోజూ ఏ సంగతులు చెప్పాలి? ఇక్కడే సాఫ్ట్‌వేర్ వాళ్ళ బుద్ధి బయటపడింది. ఏ పనైనా రెండేసి వారాల ముక్కలుగా కోసుకుంటే తప్ప వాళ్ళకి అరగదు. ఆ ముక్కని స్ప్రింట్ అంటారు. అందులో చేయాల్సిన పనులన్నీ ఒక బోర్డు మీద కార్డులుగా పెట్టుకుంటారు, కార్డుకొకరి పేరు రాసుకుంటారు. దానికో సాఫ్ట్‌వేరు. ల్యాబులో తమ పనులకి వాడుకునే ఆ సాఫ్ట్‌వేరులోనే రోగుల బతుకులకీ తలా ఒక బోర్డు తెరిచారు. ఇంట్లోవాళ్ళు సాయంత్రాలు కార్డులు రాసి, గొంతు రికార్డు చేసి పెట్టాలి. తెల్లవారుజామున ఆనవాలు ఆ బోర్డుని ‘ఇప్పుడు నడుస్తున్న స్ప్రింట్ ఏది?’ అని అడుగుతుంది. ఏది జవాబుగా వస్తే అందులోని కార్డులు మనిషికి వినిపిస్తుంది. రెండు వారాలు తిరిగాక ఆ స్ప్రింట్‌ని ముగించాలి, దాని సారమంతా కొత్తదాని మొదటి కార్డులో రాయాలి. ముగించినది గతం, నడుస్తున్నది వర్తమానం.

ఆ ప్రశ్న అడిగే ప్రోగ్రాము రాసింది హైమే. మొదట రాసింది తన టీము కోసం. రోజూ పొద్దున్న గోడ మీది తెరపై టీము స్ప్రింట్ దానంతటదే కనబడాలని. తరవాత దాన్నే తీసి ఆనవాలుకి తగిలించింది. బోర్డు ఇచ్చే జవాబు ఒక వరసగా వస్తుంది, ఎన్ని స్ప్రింట్లు తెరిచి ఉంటే అన్నీనూ. హైమ ప్రోగ్రాము ఆ వరసలో మొదటిది తీసుకుంటుంది. ఉండేది ఎలాగూ ఒకటే కదా. ఒక టీముకి ఒక స్ప్రింట్, ఒక మనిషికి ఒక వర్తమానం. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందేముందని అప్పట్లో అనుకుంది.

వరహాలమ్మకి స్ప్రింట్ అనే మాట నోరు తిరగలేదు. తిప్పే ఉద్దేశమూ ఆవిడకి లేదు.

“రెండు వారాలే కదే? పక్షం అంటే పోలా?” అంది. ఆ రోజు నుంచీ వాళ్ళింట్లో స్ప్రింట్ పేరు పక్షమే.

ఫోను నోటి దగ్గర పెట్టుకుని, పక్కింటావిడతో పిట్టగోడ మీంచి మాట్లాడుతున్నంత సుళువుగా ఆవిడ కార్డులు చెప్పేది. “ఏమయ్యా, లేచీసావా? మన వీధి కుళాయి బాగుచేసీసారు. నిన్న ములక్కాడల పులుసు బావుందన్నావు. ఉప్పెక్కువైందని నాకు తెలుసులే. బూట్లు మంచం కింద ఉన్నాయి, నన్ను కేకెయ్యకు.” పైడిరాజు కళ్ళు తెరిచేసరికి ఆ మొహంలో వెతుకులాట ఉండేది కాదు. మంచం పక్కనే ముక్కాలిపీట మీద వరహాలమ్మ కూర్చుని ఉండేది. ఆమెని చూసి ఆయన నవ్వేవాడు. పరికరం గొప్పదనమంతా ఆ నవ్వులో ఉందంటూ డాక్టర్ సుదర్శనం ఒకసారి ఇంటికొచ్చి చూసి కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు.

ఒక్క కార్డు మాత్రం ఏ పక్షంలోనూ పూర్తయ్యేది కాదు. ‘పొద్దున్న ఆయన లేచేసరికి పక్కన ఉండాలి.’ చేయాల్సిన వాళ్ళ పేరు దగ్గర, వరహాలమ్మ.

“అమ్మా, ఇది రోజూ ఉండే అలవాటు. దీనికి కార్డు అక్కర్లేదు, తీసెయ్,” అంది హైమ.

“నీ ఆపీసులో ఏది పనో నువ్వు చెప్పు, నేను వింటాను. నా ఇంట్లో ఏది పనో నన్ను చెప్పనీ,” అంది వరహాలమ్మ. కార్డు ప్రతి పక్షం చివరా తరవాతి పక్షంలోకి వెళ్ళేది.

ఇంకో పేచీ కూడా వచ్చింది. పాత పక్షాన్ని ముగిస్తేగాని కొత్తది తెరవనివ్వదు సాఫ్ట్‌వేరు. వరహాలమ్మ ఒప్పుకోలేదు.

“పాతది మూసీసి కొత్తది తెరిచేలోగా ఆయనకి ఏటుంటాది? ఏటీ ఉండదు కదా! ఒద్దు తల్లీ. పాత దీపం కొండెక్కకముందే, దాంతోనే కొత్త దీపం వెలిగించాలి. ఇల్లాలన్నది చేసీ పని అదే.”

హైమ నవ్వి, వాళ్ళమ్మ బోర్డుకి మాత్రం చిన్న సవరణ చేసిపెట్టింది, రెండు స్ప్రింట్లు ఒకేసారి తెరిచి ఉండేలా. సాయంత్రం దీపం పెట్టాక వరహాలమ్మ కొత్త పక్షం తెరిచి, ఓ నిమిషం రెండింటినీ చూసుకుని, అప్పుడు పాతది ముగించేది. తెల్లవారేసరికి ఒకటే మిగిలేది. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఈలోగా వరహాలమ్మకి పిత్తాశయంలో రాళ్ళు తేలాయి. చిన్న ఆపరేషనే, మర్నాడు ఇంటికెళ్ళిపోవచ్చన్నారు. ఆ మాట పైడిరాజుకి చెబితే రోజంతా గుమ్మంలో కూర్చుని కుమిలిపోతాడని ఆవిడ భయం. ఆసుపత్రికి బయలుదేరే ముందు ఫోను తీసుకుని, నవ్వుతూ, ఒక అబద్ధం చెప్పి పెట్టింది.

“ఏమయ్యా, నేను బొబ్బిలి మా చిట్టి ఇంటికెళ్తన్నాను. సాయంత్రం బస్సుకి వచ్చీస్తాను. సంచట్టుకుని జంక్షన్ దాకా రా. అన్నం హైమ పెడతాది. దాన్ని కసురుకోకు, పాపం అదీ ఒక్కత్తే.”

“రాకపోతే సాయంత్రం ఏం చెప్పను?” అంది హైమ.

“ఏదో ఒకటి చెప్పు. ఎల్లుండి పొద్దున్నకి నేనే ఉంటాను కదా పక్కన.”

మత్తు ఇచ్చాక గుండె ఆగిపోయింది. ఎవరి తప్పూ కాదన్నారు. ఎవరి తప్పూ కానప్పుడు ఎవరిని తిట్టుకోవాలో హైమకి తెలియలేదు.

దినకర్మ అయిన సాయంత్రం హైమ బోర్డు తీసి కొత్త పక్షం తెరిచింది. కార్డుని ఎన్నిసార్లు చెరిపి మళ్ళీ రికార్డు చేసిందో దేవుడికే తెలుసు. “నాన్నా, అమ్మ చనిపోయింది. ఆపరేషన్‌లో పోయింది. నువ్వే దగ్గరుండి అన్నీ చేశావు. నేనున్నాను నాన్నా.” ఫోను పక్కన పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకుంది. పాత పక్షాన్ని ముగించాలన్న సంగతి ఆమెకి తట్టనే లేదు. అది ఎప్పుడూ అమ్మ చేతి పని.

మర్నాడు పైడిరాజు, “మీ అమ్మ సాయంత్రం బస్సుకి వచ్చీస్తాదే,” అన్నాడు.

కార్డు విని కూడా ఇలా అంటున్నాడంటే ఇక ఏమనుకోవాలి? నోటితో చెప్పే ఓపిక హైమకి అయిపోయింది. “అవును నాన్నా,” అంది.

ఈ సంగతి తెలిసి డాక్టర్ సుదర్శనం కుర్చీలో నిలవలేకపోయాడు. “మెదడు శోకాన్ని తిప్పికొడుతోందమ్మా! కొత్త కార్డు చెవిలో పడుతోంది, లోపలికి మాత్రం వెళ్ళడం లేదు. అన్నాళ్ళు విన్న బొబ్బిలి మాటనే పట్టుకుని వేలాడుతున్నాడు. ఇలాంటిది ఎవరూ గమనించలేదు.” ఆయన చెడ్డవాడు కాడు, సైంటిస్టు. వారం తిరక్కుండా వ్యాసం సగం రాసేశాడు. హైమ కూడా నమ్మింది. నమ్మకపోతే ఇంకేదో వెతకాలి, వెతికే శక్తి ఆమెకి లేదు.

పక్క కుర్చీలో కూర్చునే రెహానా మాత్రం ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మూత తీస్తూ అంది, “హైమా, మెదడు సంగతి సార్ చూసుకుంటారు. మనం పంపించింది ఏంటో చూశామా?”

“ఏం చూడాలి? నేనేగా రాసింది.”

“అందుకేనోయ్ చూడమంటున్నాను. నీ కూరలో ఉప్పు నీకు తెలుస్తుందా?”

హైమ చెయ్యి కడుక్కుని వచ్చి, తండ్రి బోర్డుని ఆనవాలు అడిగినట్టే అడిగింది. ఇప్పుడు నడుస్తున్న స్ప్రింట్ ఏది?

జవాబులో రెండు స్ప్రింట్లు వచ్చాయి. పైన వరహాలమ్మ తెరిచిన పక్షం. కింద హైమ తెరిచిన పక్షం. రెండూ నడుస్తున్నాయి. ముందు తెరిచినది ముందు వచ్చింది. ఆ కింద ప్రోగ్రాములో హైమ ఎప్పుడో రాసిన వాక్యం, మొదటిది తీసుకో అని.

మెదడు దేన్నీ తిప్పికొట్టలేదు. చనిపోయిందన్న కార్డు పైడిరాజు చెవిలో ఒక్కనాడూ పడలేదు. రోజూ పొద్దున్నే ఆయన్ని వరహాలమ్మే లేపుతోంది.

“ఏమైనా దొరికిందా?” అంది రెహానా.

“లేదు. అన్నీ సరిగానే ఉన్నాయి,” అంది హైమ. తెర మూసేసింది. తన నోట ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియలేదు.

మర్నాడు తెల్లవారకముందే లేచి, తండ్రి మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. అమ్మ పోయాక ఆ పీట మీద ఎవరూ కూర్చోలేదు. హైమ పక్కగదిలో పడుకునేది, ఆయన లేచి పిలిస్తేనే వచ్చేది. కాస్త వంగి, ఆయన చెవి దగ్గర తన చెవి పెట్టింది. సన్నగా, దూరంగా, వరహాలమ్మ గొంతు వినిపించింది.

“ఏమయ్యా, నేను బొబ్బిలి మా చిట్టి ఇంటికెళ్తన్నాను...”

‘పాపం అదీ ఒక్కత్తే’ అన్నచోట హైమ నోట్లో కొంగు కుక్కుకుంది. ఒక్క ఉదయం ఇక్కడ కూర్చుని ఉంటే మొదటిరోజే తెలిసిపోయేది కదా అని ఏడ్చింది. తెలిసిపోనందుకే ఇన్నాళ్ళూ ఆయన నవ్వుతూ లేచాడు కదా అని కూడా ఏడ్చింది. పైడిరాజు కళ్ళు తెరిచి, “ఏటే, ఇక్కడ కూకున్నావు? అమ్మ వెళ్ళీపోయిందా అప్పుడే?” అన్నాడు.

“వెళ్ళింది నాన్నా. సాయంత్రం వచ్చేస్తుంది.”

ముగించడానికి ఒక్క మీట నొక్కితే చాలు. హైమ నొక్కలేదు. ఇవాళ వద్దు, రేపు చూద్దాం అనుకుంది. రేపు కూడా అలాగే అనుకుంది. ఆయన సంతోషంగా ఉన్నాడు కదా అని తనకి తాను చెప్పుకుంది. అందులో సగమే నిజం. తెల్లారకముందే ఆ పీట మీద చేరి, వంగి, తల్లి గొంతు వినడం ఆమెకీ అలవాటైపోయింది. ఆ పక్షం మూస్తే ఆ గొంతు రేపటినుంచి ఆ ఇంట్లో వినబడదు. ల్యాబులో వ్యాసం పేజీలు పెరుగుతున్నాయి. రెహానా అడగడం మానేసి చూడటం మొదలుపెట్టింది. హైమ ఎవరితోనూ కళ్ళు కలపలేదు.

ఒకనాడు పొద్దున్నే ఆకాశం నల్లగా మూసుకొచ్చింది. హైమ ఆఫీసుకి వెళ్ళాక పైడిరాజు వీధిగుమ్మంలో నిలబడి మబ్బు చూశాడు. కొక్కేనికి వరహాలమ్మ గొడుగు కనబడింది. గొడుగు లేకుండా వెళ్ళిందే, తడిసిపోతుందే అనుకున్నాడు. గొడుగు తీసుకున్నాడు, సంచి తీసుకున్నాడు. సాయంత్రం దాకా ఆగలేదు. రోడ్డు దాటి, అవతలివైపు బొబ్బిలి బస్సు ఎక్కేశాడు.

మధ్యాహ్నం దాటాక హైమకి చిట్టి పిన్ని ఫోన్ చేసింది. పిన్ని గొంతు గొంతులా లేదు.

“ఓలమ్మ హైమా, మీ నాన్న వచ్చీసేడే! గుమ్మంలో నిలబడి, మీ అక్కని పంపీ, వానొస్తంది అంటాడే! నేనేటి సెప్పనే? అక్క నేదు బావా, పోయింది కదా అనీసేను. నా నోరు పడిపోను. ఆ గుమ్మంలోనే కూలబడిపోనాడే.”

హైమ కారు మాట్లాడుకుని బొబ్బిలి చేరేసరికి వాన వెలిసింది. పైడిరాజు అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్ళో మడత విప్పని సంచి. గొడుగు పక్కన నిలబెట్టి ఉంది. హైమని చూసి లేవలేదు.

“నిజమేనేటే?” అన్నాడు.

“నిజమే నాన్నా.”

“ఎన్నాళ్ళయింది?”

హైమ చెప్పింది.

“కొరివి ఎవరెట్టేరు?”

“నువ్వే.”

పైడిరాజు తన రెండు చేతులూ ముందుకి చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ చేతులతో అంత పని చేసి అది తనకి తెలియకపోవడం ఆయనకి అర్థం కాలేదు.

“మరి నేను రోజూ ఏటి చేస్తన్నాను ఇన్నాళ్ళూ?”

దాచడానికి ఇంకేం మిగల్లేదు. హైమ అరుగు కింద మెట్టు మీద కూర్చుని అన్నీ చెప్పింది. అమ్మ పక్షం తెరిచే ఉందని చెప్పింది. తన ప్రోగ్రాము దాన్నే తీసుకుంటోందని చెప్పింది. ఆ సంగతి తెలిసి కూడా మూయలేదని చెప్పింది. “నువ్వు నవ్వుతూ లేస్తున్నావు నాన్నా. నాకు చేతులు రాలేదు. అమ్మ గొంతు నాకూ కావాలనిపించింది.”

ఆయన కసురుతాడనుకుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు.

“క్రేను మీద కూకుంటే కింద ఏటుందో కనబడాలే. కనబడకుండా బరువు దింపితే మనుషులు చచ్చిపోతారు,” అన్నాడు. “నలబై ఏళ్ళు నాతో కాపరం చేసిందే అది. దాని కోసం నేను ఏడవాలి కదేటి? ఆ ఏడుపు నాది. అదీ తీసీసుకుంటే నాకేటి మిగిలింది? బస్టాపులో నిలబడి నవ్వుతానా, ఊరంతా చూసి జాలిపడతంటే?”

హైమ తల వంచుకుంది.

“రేపు పొద్దున్న మళ్ళీ మరిచిపోతానా?”

“నేను మూయకపోతే మరిచిపోతావు. మూస్తే తెలిసి లేస్తావు. రోజూ కొత్తగా కాదు నాన్నా. ఒక పక్షం నుంచి ఇంకో పక్షానికి రాసుకుంటూ పోతే, అందరికీ పాతబడ్డట్టే నీకూ పాతబడుతుంది.”

“అయితే మూసీ. మరిచిపోనివ్వకు.” స్తంభం వదిలి నిటారుగా కూర్చున్నాడు. “ముందు ఒకసారి వినిపించు.”

చిట్టి పిన్ని లోపల దీపం పెడుతోంది. హైమ ఫోనులో ఆ కార్డు నొక్కింది. వరహాలమ్మ అరుగు మీదికి వచ్చి కూర్చున్నట్టే మాట్లాడింది. సాయంత్రం బస్సుకి వచ్చీస్తానంది. సంచట్టుకుని రమ్మంది. పైడిరాజు ఒళ్ళో సంచిని రెండు చేతులా పట్టుకుని, “వచ్చేనే. వచ్చేను కదే,” అన్నాడు. లోపల పిన్ని బావురుమంది.

హైమ ముగించు అన్నచోట నొక్కింది. వెంటనే మూసుకోలేదు. ఈ స్ప్రింట్‌లో పూర్తికాని పని ఒకటి ఉంది, దాన్ని ఏం చేయమంటారని అడిగింది సాఫ్ట్‌వేరు.

‘పొద్దున్న ఆయన లేచేసరికి పక్కన ఉండాలి.’

హైమ దాన్ని కొత్త పక్షంలోకి పంపింది. పేరు దగ్గర వరహాలమ్మ అని ఉన్నది తుడిచి, తన పేరు రాసింది. అప్పుడు పాత పక్షం మూసుకుంది.

ఆ రాత్రే ఇద్దరూ ఇంటికి తిరిగొచ్చేశారు. తెల్లవారుజామున ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది హైమ. ఆయన చెవి వెనకనుంచి సన్నగా తన గొంతే తనకి వినబడింది. పైడిరాజు కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు చెంపల మీదికి కారాయి. చాలాసేపటికి చెయ్యి చాపి తడుముకున్నాడు. ఆ చేతికి హైమ చెయ్యి దొరికింది. ఆయన నవ్వలేదు. ఆ చెయ్యి వదలనూ లేదు.

ల్యాబులో హైమ అందరి ముందూ జరిగినదంతా చెప్పింది. డాక్టర్ సుదర్శనం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నెలరోజుల పని గాలికి పోయింది. “వ్యాసం పోతే పోయిందిలే అమ్మా. ఆయన ఎలా ఉన్నాడు?” అన్నాడు. రెహానా మిగతా బోర్డులన్నీ వెతికింది. రెండు వర్తమానాలున్నది పైడిరాజు ఒక్కడికే. వరహాలమ్మ ఒక్కతే కదా పాత దీపంతో కొత్త దీపం వెలిగిస్తానన్నది. ఆ సాయంత్రానికి రెహానా ‘మొదటిది తీసుకో’ అన్న వాక్యం మార్చేసింది. ఇకమీదట రెండు తెరిచి ఉంటే ప్రోగ్రాము తనంతట తాను ఏదీ తీసుకోదు. ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి అడుగుతుంది.

సాయంత్రం హైమ ఇంటికి బయలుదేరింది. హనుమంతవాక దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా స్కూటీ ఆపింది. కొబ్బరిబొండాల బండి పక్కన ఎవరూ లేరు. నాన్న ఇక రాడని, రావక్కర్లేదని గుర్తొచ్చింది. మంచిదే కదా, వెళ్ళిపోదామనుకుంది. అంతలో బొబ్బిలి బస్సు వచ్చి ఆగింది.

హైమ కదలలేదు. బుట్టతో ఒక ముసలామె దిగింది. చంటిపిల్లతో భార్యాభర్తలు దిగారు. మామిడికాయల మూటతో ఒకాయన దిగాడు. ప్రతి మొహాన్నీ హైమ చూసింది. అందరూ దిగిపోయాక కూడా చూసింది. తలుపు మూసుకుని బస్సు వెళ్ళిపోయింది. అప్పుడు హైమకి, అమ్మ పోయాక మొదటిసారి, అమ్మ రాదని తెలిసింది. ఆ రోడ్డు మీద, అంతమంది చూస్తుండగా, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. కొబ్బరిబొండాలాయన కత్తి పక్కన పెట్టి బెంచీ జరిపాడు.

ఇంకో బస్సు వచ్చింది. అదీ ఖాళీ అయింది. భుజం మీద ఎవరో చెయ్యి వేశారు. పైడిరాజు. దువ్వని తల, ముడతల చొక్కా. కూతురు ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు.

“ఈ బస్సుకి రాదే తల్లీ,” అన్నాడు. “ఇంటికి పద.”